రహదారియు ఆశ్రయపురమును

చదువవలసిన భాగములు: సంఖ్యాకాండము 35:9–34, ద్వితీయోపదేశకాండము 19:1–13, 21:1–9, యెహోషువ 20వ అధ్యాయము



బండితో మనుష్యుని గుద్ది, ఆగక పోయినవానికి చట్టము ఏమి విధించును? వాడు తన పక్షమున చెప్పుకొనదగినది ఏమైన కలదా? ఇట్టి ప్రశ్నలు వకీలు బల్లయొద్ద అడుగవలసినవే గాని ప్రార్థనాలయములో అడుగవలసినవి కావని కొందరు తలంచవచ్చును. అయితే మన పెద్దమందడి ప్రాంతపు సంఘములలో ఈ ప్రశ్న ఏదో యొక రీతిగా తగలని యిల్లు అరుదు. ఒక యింటివాడు లారీ తోలి బ్రదుకును. వేరొక యింటివాడు చీకటిలో రోడ్డు దాటుచు పడిపోవును. మూడవ యింటివానికి ట్రాక్టరు కలదు, దానిని పదునారేండ్ల కొడుకు నడుపును. ఆదివారమున ఈ ముగ్గురును ఒకే చాపమీద కూర్చుందురు. వారిలో ఎవరి పక్షమున మాటలాడిన మిగిలిన ఇద్దరు తలవంచుకొందురు. కాబట్టి ముగ్గురును వినగలిగినట్లు చెప్పుటకు ప్రయత్నింతును.

హైదరాబాదునుండి బెంగుళూరునకు పోవు పెద్ద రోడ్డు పూర్వము ఏడవ నంబరు రహదారి. 2010లో నంబర్లు మార్చినప్పుడు అది 44వ నంబరైనది. కొత్తకోట, పెబ్బేరు మీదుగా అది వనపర్తి జిల్లాను దాటిపోవుచున్నది. మన మండలములో వెల్టూరువారికి దాని చప్పుడు రాత్రింబగళ్లు వినబడుచునే యుండును. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున కొత్తకోట దగ్గర పాలెమునొద్ద బెంగుళూరునుండి వచ్చుచున్న బస్సు కల్వర్టును గుద్దుకొని తగులబడగా 45 మంది చనిపోయిరి. ఆ దినమున దేశమంతయు పాలెము పేరు పలికెను. ఒక్కొక్కరుగా చచ్చువారి ఊరి పేరు ఎవరును పలుకరు. ఇదే రోడ్డు ప్రక్కన షాద్‌నగరు ప్రాంతములో పెద్దకుంట అను తండా కలదు. బైపాసు రోడ్డు ఆ తండాను అవతలివైపునుండి వేరుచేసెను. పనికిని, కాగితములకును రోడ్డు దాటవలసివచ్చి పురుషులు ఒకరి తరువాత ఒకరు బండ్ల క్రింద పడిపోగా, పత్రికలు దానికి విధవల తండా అని పేరు పెట్టినవి. 2022వ సంవత్సరములో మన దేశమందు గుద్ది పారిపోయిన ప్రమాదములు 67,387 అనియు, వాటిలో చనిపోయినవారు 30,486 మంది అనియు కేంద్ర ప్రభుత్వపు లెక్కలు చెప్పుచున్నవి. అనగా ఒక్క సంవత్సరములో ముప్పది వేల యిండ్లలో, ‘ఎవడో గుద్ది పోయిండు’ అను మాటతో ఏడ్పు మొదలైనది.

మోషే ధర్మశాస్త్రములో ఈ సంగతికి మిక్కిలి దగ్గరగా నుండు ఏర్పాటు ఒకటి కలదు. పగ లేక, పొంచియుండక, పొరబాటున ఒకని చంపినవాడు పారిపోవుటకు ఆరు పురములు ప్రత్యేకింపబడెను. యొర్దానుకు ఒక ప్రక్కన కెదెషు, షెకెము, హెబ్రోను. రెండవ ప్రక్కన బేసెరు, రామోతు, గోలాను. ఎట్టివానికొరకు అని అడుగువారికి ద్వితీయోపదేశకాండములో ఒక దృష్టాంతము ఇయ్యబడినది. ఇద్దరు కట్టెలకొరకు అడవికి పోయిరి, ఒకడు గొడ్డలి ఎత్తగా ఇనుము పిడినుండి ఊడి తోడివానికి తగిలెను, వాడు చచ్చెను. అప్పుడు గొడ్డలి పట్టినవాడు పరుగెత్తవలెను. చంపినవానిని పరుగెత్తుమని దేవుడే సెలవిచ్చుట మనకు వింతగా తోచును. అంతమాత్రమే కాదు, వాడు పరుగెత్తుటకు దారిని సిద్ధపరచుడని ఊరివారికి కూడ ఆజ్ఞ కలదు.

అయితే ఆ పరుగు ఎటువైపునకో గమనింపుడి. యెహోషువ గ్రంథములో చెప్పబడినట్లు, వాడు పురద్వారమునొద్ద నిలువబడి తన సంగతి పెద్దలకు వినిపింపవలెను. వినిన తరువాతనే వారు వానిని లోపల చేర్చుకొని చోటిత్తురు. తరువాత సమాజము ఎదుట విచారణ జరుగును. పగబట్టి చంపి, ఆశ్రయపురములో దూరినవానిని వాని సొంత ఊరి పెద్దలే రప్పించి అప్పగింపవలెను. తెలియక చంపినవాడు దోషవిముక్తుడైనను వెంటనే ఇంటికి పోరాదు. ప్రధానయాజకుడు చనిపోవువరకు అక్కడనే నిలిచియుండవలెను. కాబట్టి ఆ పరుగు విచారణయొద్దకు పోవు పరుగు. లైట్లు ఆర్పుకొని రాత్రి వేళ కర్నూలు దిక్కునకు సాగిపోవు లారీ పరుగునకు, ద్వారమునొద్ద రొప్పుచు నిలిచిన ఆ కట్టెలవాని పరుగునకు వేగమొకటే కావచ్చును. ముఖములు తిరిగిన దిక్కులు వేరు.

నేను చెప్పదలచినదంతయు ఈ భేదము మీదనే నిలిచియున్నది. తన్ను తాను కాపాడుకొనుట ఒకటి. పడిపోయినవానిని విడిచిపోవుట మరియొకటి. మొదటిదానికి దేవుని ధర్మశాస్త్రమును, మన దేశపు చట్టమును చోటిచ్చుచున్నవి. రెండవదానికి రెండును చోటియ్యవు.

1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములో 134వ సెక్షను డ్రైవరు చేయవలసిన పని చెప్పుచున్నది. గాయపడినవానిని దగ్గరనున్న వైద్యునియొద్దకు గాని ఆసుపత్రికి గాని చేర్చుటకు తగిన ప్రయత్నమంతయు చేయవలెను. పోలీసు అక్కడనున్నయెడల అడిగినది చెప్పవలెను. లేనియెడల దగ్గరి ఠాణాకు పోయి వీలైనంత త్వరగా, ఎట్లయినను 24 గంటలు దాటకుండ జరిగినది తెలుపవలెను. బీమా కంపెనీకి కూడ తెలియజేయవలెను. అయితే గుంపు ఆగ్రహమువలన గాని, తన చేతిలో లేని మరి యే కారణమువలన గాని అక్కడ నిలుచుట సాధ్యపడనియెడల, ఆసుపత్రికి చేర్చలేదను నేరము వాని మీద మోపబడదు. కాని ఠాణాకు పోయినప్పుడు, ఎందుచేత చేర్చలేకపోయెనో ఆ కారణము కూడ వాడు చెప్పవలెను. చదువరులారా, ఈ సెక్షనును యెహోషువ 20వ అధ్యాయము ప్రక్కన పెట్టి చదువుడి. ప్రాణభయముతో పరుగెత్తిన పరుగును చట్టము మన్నించుచున్నది, అది ఒక ద్వారమునొద్ద ముగిసినయెడల. ఈ సెక్షనును మీరినవానికి 187వ సెక్షను ప్రకారము ఆరు నెలలవరకు ఖైదు గాని, ఐదువేల రూపాయలవరకు జుల్మానా గాని, రెండును గాని కలుగును.

ఇది ఆగకపోయినందుకు మాత్రమే. గుద్దినందుకు వేరుగా నున్నది. 2024 జూలై 1న పాత శిక్షాస్మృతి స్థానములో భారతీయ న్యాయ సంహిత వచ్చినది. నిర్లక్ష్యముతో మరణము కలిగించినవానికి పూర్వము రెండేండ్లవరకు ఉండిన ఖైదు, సంహితలోని 106వ సెక్షను మొదటి భాగము ప్రకారము ఐదేండ్లవరకు పెరిగినది. ప్రాణము పోక పెద్ద గాయమైనచో మూడేండ్లవరకు, ఎవరికిని తగులకున్నను ప్రాణాపాయము కలుగునట్లు తోలినందుకు ఆరు నెలలవరకు ఉండవచ్చును. త్రాగి, జనులు చత్తురని ఎరిగియు తోలినట్లు ఋజువైనయెడల అది నిర్లక్ష్యము దాటి నరవధ క్రిందికి పోవును. ఢిల్లీలో లోదీ రోడ్డునందు 1999 జనవరిలో ఒక ధనవంతుని కారు ఆరుగురిని చంపి ఆగక పోయిన కేసులో, 2012లో సుప్రీంకోర్టు అట్లే తీర్పు చెప్పెను. అప్పటికే అనుభవించిన జైలు చాలునని, ఏబది లక్షల రూపాయలు కట్టుమనియు, రెండేండ్లు సమాజసేవ చేయుమనియు ఆజ్ఞాపించెను. ధనము లేనివాడైతే ఆ ఏబది లక్షల స్థానములో ఏమి చెల్లించవలసివచ్చెడిదో అని మన లారీ డ్రైవర్లు అడిగినచో తప్పుపట్టలేము.

నిర్గమకాండము 21వ అధ్యాయములోని పొడుచు ఎద్దు సంగతి ఇక్కడ జ్ఞాపకము చేసికొనదగును. ఎన్నడును పొడువని ఎద్దు హఠాత్తుగా పొడిచి చంపినయెడల యజమానుడు నిర్దోషి. అది పొడుచు గొడ్డని ఇరుగుపొరుగువారు ముందే చెప్పినను కట్టివేయనివాడు దోషి. బ్రేకు పడని ట్రాక్టరును, దీపము లేని ట్రాలీని, లైసెన్సు లేని కుఱ్ఱవాని చేతికిచ్చిన తాళమును ఏ ఎద్దుతో పోల్చవలెనో ఆసాములే చెప్పుకొనవలెను. మైనరు బాలుడు బండి నడిపి నేరము చేసినచో, 2019 సవరణ ప్రకారము తండ్రికి గాని బండి యజమానికి గాని మూడేండ్లవరకు ఖైదును, ఇరువదియైదు వేల జుల్మానాయు కలుగును. ఆ బాలునికి ఇరువదియైదేండ్లు నిండువరకు లైసెన్సు ఇయ్యబడదు. ఆ అధ్యాయములోనే, గొయ్యి త్రవ్వి మూత పెట్టనివాని సంగతియు ఉన్నది. కోతల కాలమున రోడ్డు సగమువరకు వడ్లు ఆరబోసి, అంచులకు రాళ్లు పేర్చి, రాత్రి నల్లని పట్టా కప్పి వచ్చువారు దానిని చదువుట మంచిది.

సంహితలో 106వ సెక్షనుకు రెండవ భాగము కూడ వ్రాయబడినది. గుద్ది చంపి, పోలీసుకు గాని మేజిస్ట్రేటుకు గాని వెంటనే తెలుపక పారిపోయినవానికి పదేండ్లవరకు ఖైదు విధింపవచ్చునని దాని తాత్పర్యము. ఈ మాట బయటికి రాగానే 2024 జనవరి మొదటి దినములలో లారీ, ట్యాంకరు డ్రైవర్లు దేశమంతట బండ్లు ఆపివేసిరి. హైదరాబాదులో పెట్రోలు బంకులయొద్ద బారులు తీరిరి; ఇండ్లకు భోజనము చేరవేయు యువకుడొకడు గుఱ్ఱమెక్కి పోయెను. ప్రభుత్వము డ్రైవర్ల సంఘములతో మాటలాడి, వారిని సంప్రదించిన పిమ్మటనే దానిని అమలుపరచెదమని చెప్పి, 2024 ఫిబ్రవరిలో సంహిత అమలు తేదీని ప్రకటించినప్పుడు ఆ రెండవ భాగమును మాత్రము విడిచిపెట్టినది.

ఆ డ్రైవర్లు గట్టిగా చెప్పిన మాట యొకటి కలదు: ‘ఆగితే జనము చంపుతరు, ఆగకుంటే సర్కారు జైల్లో పెడ్తది.’ దీనిని వట్టి సాకు అని త్రోసివేయుట సులభము. నేను త్రోసివేయలేను. ఆశ్రయపురముల ఏర్పాటుకు కారణముగా ద్వితీయోపదేశకాండము చెప్పుచున్నది ఇదియే: దారి దూరమైనయెడల, చచ్చినవాని బంధువు మండుచున్న హృదయముతో తరిమి, మరణదండనకు తగనివానిని చంపునేమో. సంఖ్యాకాండమైతే ఇంకను ముందుకు పోయి, ప్రతిహత్య చేయువాని చేతిలోనుండి వానిని విడిపించు బాధ్యతను సమాజము మీదనే పెట్టినది. సమాజము అనగా ఎవరు? స్టేజీయొద్ద టీ త్రాగుచున్న మనమే. గుద్దిన చప్పుడు వినగానే కఱ్ఱలు పట్టుకొని పరుగెత్తు ఊరిలో, లారీ అద్దములు పగులగొట్టి నిప్పంటించు ఊరిలో, ఆశ్రయపురపు ద్వారమును మూసినవారు మనమే. అట్టి ఊరిని ఎరిగిన డ్రైవరు తరువాతి సారి బ్రేకు మీద కాలు పెట్టడు. అప్పుడు రోడ్డుమీద నెత్తురు కారుచు మిగిలిపోవువాడు మన ఊరివాడే. డ్రైవరును కొట్టక పట్టి ఠాణాకు అప్పగించిన ఊరు, తన తరువాతి గాయస్థుని ప్రాణమును కూడ కాపాడుచున్నది.

డ్రైవరుకు కూడ ఒక మాట. ఆగుటకు నిజముగా భయమైనచో, నూరు గజములు పోయి, లేక తరువాతి ఊరి వెలుగు చేరి, 108కి ఫోను చేయుము. రహదారిమీదనైతే 1033 కలదు, పోలీసుకు 112 కలదు. ఏ మైలురాయి దగ్గరనో, మనుష్యుడు ఏ ప్రక్కన పడియున్నాడో చెప్పుటకు అర నిమిషము చాలును. ఆ అర నిమిషము చెప్పకపోవుటకు ఏ గుంపును కారణము కాదు.

ఇక రక్షణ సంగతి. విశ్వాసియైనవాడు కోర్టులో నిలిచి, ‘నేను నేరము చేయలేదు’ అని చెప్పవచ్చునా? నిజముగా గుద్దినవాడు అట్లు చెప్పుట అబద్ధము కాదా? ఇది కఠినమైన ప్రశ్న. నా అభిప్రాయము ఇది. గుద్దుట వేరు, నేరము వేరు. ఎవడైనను అడ్డముగా పరుగెత్తుకొని వచ్చియుండవచ్చును; టైరు పగిలియుండవచ్చును; మలుపునొద్ద దీపము లేని బండి నిలిచియుండవచ్చును. వేగము ఒక్కటే నిర్లక్ష్యమునకు ఋజువు కాదని సుప్రీంకోర్టు 1998లోనే చెప్పినది. ఎంత వేగము, ఎట్టి చోటు, ఏమి జరిగినదో ప్రభుత్వ పక్షమువారు సాక్ష్యముతో చూపవలెను. మోటారు వాహనముల ఇన్‌స్పెక్టరు బండిని పరీక్షించి యిచ్చిన కాగితము, జరిగిన చోట గీసిన పటము, కన్నులార చూచినవారి మాట, వీటిని వకీలు ప్రశ్నించుట న్యాయమే. ఒక్క సాక్షి మాటమీద ఎవనిని మరణమునకు అప్పగింపరాదని ధర్మశాస్త్రమే చెప్పుచున్నది గదా. పోలీసువారి యెదుట చేసిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. తనకు విరోధముగా తానే సాక్ష్యమియ్యవలెనని రాజ్యాంగపు 20వ అధికరణము ప్రకారము ఎవనిని బలవంతపెట్టరాదు. 106వ సెక్షను మొదటి భాగము క్రిందనైతే జామీను హక్కుగా దొరకును. కోర్టు భాషలో నేరము ఒప్పుకొననని చెప్పుట, నా మీది నేరమును ఋజువు చేయుడని అడుగుట మాత్రమే. దానియందు పాపము లేదు.

అయితే, ‘నేను ఆ బండి తోలలేదు’ అని చెప్పుట మరియొక జాతి మాట. అది కల్ల. వకీలు నేర్పినను, బంధువులు బ్రతిమాలినను అది కల్లయే. ఠాణాకు తెలుపవలెనను చట్టమును, తనకు తానే సాక్షి కానక్కరలేదను రాజ్యాంగమును ఒకదానినొకటి కొట్టివేయుచున్నవని కొందరు వాదింతురు. నాకు అట్లు తోచదు. ఫలానా చోట ఒక మనుష్యుడు పడియున్నాడు, గుద్దిన బండి నాది అను మాట ఆ పడిన మనుష్యునికి నేను అచ్చియున్న ఋణము. నా తోలుటలో దోషము ఎంత అను మాటను తూచువాడు న్యాయాధిపతి. మొదటిదానిని దాచి రెండవదానిలో గెలిచినవాడు, గెలిచెనని చెప్పుటకు నాకు నోరు రాదు. దోషము తనదేయని మనస్సాక్షి చెప్పుచున్నవాడు ఒప్పుకొనుట మేలు. చెప్పుకొనక యెముకలు క్షీణించిన దావీదు అనుభవమును 32వ కీర్తనలో చూడవచ్చును. కాని ఒప్పుకొనువాడు ముందుగా వకీలుతో మాటలాడుట అవిశ్వాసము కాదు. వకీలును పెట్టుకొనలేనివారికి న్యాయసేవల సంస్థ ఉచితముగా నియమించును. 15100కి ఫోను చేసి అడుగవచ్చును. స్త్రీలకును, నిర్బంధములో నున్నవారికిని, షెడ్యూల్డు కులములు తెగలవారికిని ఆదాయముతో పనిలేదు. సర్టిఫికేటులో బి.సి.-సి అని వ్రాయబడిన మన పురుషులు మాత్రము ఆదాయము చూపవలసియుండును. ఆ అన్యాయమును గూర్చిన చర్చకు ఇది చోటు కాదు.

మన ఊళ్లలో ఎక్కువగా జరుగు అబద్ధము ఇంకొకటి కలదు. దానిని చేయువారు మంచివారే కావచ్చును గనుక కొంత నిదానముగా చెప్పెదను. లైసెన్సు లేని కొడుకు ట్రాక్టరుతో ఒకని చంపును. పెద్దలు రాత్రికి రాత్రి కూడి, లైసెన్సుగల జీతగానిని పిలిచి, ‘నీవే తోలితినని చెప్పు, జామీను మేము చూచుకొందుము’ అందురు. ఇందుకు వారు చెప్పు కారణము వినుటకు మంచిదే: లైసెన్సు లేదని తెలిసినచో బీమా సొమ్ము రాదు, చచ్చినవాని పెండ్లాము బిడ్డలు ఏమి తినవలెను? కావున ఈ అబద్ధము ఆ విధవరాలి కొరకే అందురు. జీతగాడు తలవూపును. అప్పు తీరని జీతగాడు మరేమి చేయగలడు?

ఈ కారణము నిలువదు. 2004 జనవరిలో సుప్రీంకోర్టు స్వర్ణసింగు కేసులో చెప్పిన తీర్పు ననుసరించి, లైసెన్సు లోపమున్నను చచ్చినవాని కుటుంబమునకు ముందుగా బీమా కంపెనీయే చెల్లించి, తరువాత ఆ సొమ్మును యజమానునినుండి వసూలు చేసికొనుమని ట్రిబ్యునళ్లు అనేక కేసులలో ఆజ్ఞాపించుచు వచ్చినవి. క్రిమినలు కోర్టులో డ్రైవరు విడుదలయైనను విధవరాలి దావా దానితో పోదు. ట్రిబ్యునలులో ఋజువు కొలత వేరు. అట్లయిన ఆ అబద్ధము ఎవరి కొరకు? వసూలు కాకుండ యజమానుని ఎకరముల కొరకు. ఆ ఎకరములకు వెలగా ఒక బీదవాని అయిదేండ్లు. అబద్ధసాక్ష్యమునకు ఏడేండ్లవరకు ఖైదు కలదనుట తరువాతి మాట. పొరుగువాని మీద అబద్ధసాక్ష్యము కూడదను ఆజ్ఞను మనము పిల్లలచేత కంఠతా పట్టించుచున్నాము. పొరుగువాని చేతనే వాని మీద అబద్ధసాక్ష్యము చెప్పించుటకు ఏ పేరు పెట్టవలెను?

పంచాయితి పెట్టి, ఇంత సొమ్మని తెగగొట్టి, కేసు లేకుండ చేయుట కూడ ఇట్టిదే. చచ్చినవానికి సొమ్మిచ్చుట తప్పు కాదు. జక్కయ్య నాలుగంతలు ఇచ్చెదనన్నప్పుడు ప్రభువు సంతోషించెను. కాని జక్కయ్య నలుగురి ఎదుట నిలిచి చెప్పెను. నిర్లక్ష్యమువలన మరణము రాజీ చేసికొనదగిన నేరముల పట్టికలో లేదు. ఠాణాలో కాగితము పడనియెడల, రేపు ఆ కుటుంబము ట్రిబ్యునలుకు పోవలెనన్న చేతిలో ఆధారముండదు. చావు దినమున లక్ష రూపాయలు పెద్ద మొత్తముగా కనబడును. ముప్పదియేండ్ల మనుష్యుని సంపాదన లెక్కవేసి ట్రిబ్యునలు ఇచ్చునది దానికి ఎన్నో రెట్లు కావచ్చును. ఆశ్రయపురములోనికి పారిపోయినవానిని, ప్రధానయాజకుడు చావకమునుపే సొమ్ము తీసికొని విడిచిపెట్టరాదని సంఖ్యాకాండము ప్రత్యేకముగా ఆజ్ఞాపించినది. అట్టి బేరములు ఆ దినములలోను జరిగినందుననే కాబోలు.

చూచి ప్రక్కగా పోవువారి విషయము లూకా సువార్తలో అందరికి తెలిసినదే. ఆ యుపమానము మన పార్లమెంటు చట్టములోనికి ఎక్కినదని మాత్రము కొందరికే తెలియును. 2019లో చేర్చబడిన 134-ఎ సెక్షను, గాయపడినవానికి సాయము చేసినవానిని ‘మంచి సమరయుడు’ అను పేరుతోనే పిలుచుచున్నది. సద్భావముతో సాయము చేసినవాని మీద, గాయపడినవానికి కలిగిన నష్టమును గూర్చి సివిలు గాని క్రిమినలు గాని కేసు చెల్లదు. అతడు పేరు చెప్పుటకు ఇష్టపడనిచో బలవంతపెట్టరాదు. ప్రమాదములో గాయపడినవానికి ఏడు దినములలోపల లక్షన్నరవరకు నగదు అడుగక వైద్యము చేయు పథకము 2025 మే నెలలో వచ్చినది. ‘కేసులో ఇరికిస్తరు, ఎందుకొచ్చిన గోల’ అను మాటకు ఇక ఆధారము లేదు.

చివరకు, ఆ బండి దొరకనేలేదు, డ్రైవరెవడో తెలియలేదు. అప్పుడేమి? దీనికిని ధర్మశాస్త్రములో ఒక స్థలమున్నది. మన ప్రసంగీకులు దానిని ఎక్కువగా ముట్టరు. ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయము. పొలములో ఒకని శవము పడియున్నది, చంపినవాడెవడో తెలియదు. అప్పుడు పెద్దలును న్యాయాధిపతులును వచ్చి, ఆ శవమునుండి చుట్టునున్న ఊళ్లకు దూరము కొలువవలెను. ఏ ఊరు దగ్గరైనదో ఆ ఊరి పెద్దలు కాడి మోయని పెయ్యను తెచ్చి, చేతులు కడుగుకొని, దేవుని ఎదుట మాటలాడవలెను. చంపినవారు వారు కారు. అయినను దగ్గరనున్నారు గనుక బాధ్యత వారిది. దోషి దొరకలేదు కాబట్టి ఎవరికిని పట్టదనుటకు వీలులేదు.

మన చట్టములో ఆ కొలతకు సమానమైనది 161వ సెక్షను. గుద్దిన బండి తెలియనప్పుడు, చనిపోయినవాని కుటుంబమునకు రెండు లక్షలు, పెద్ద గాయమైనవానికి ఏబది వేలు ఇయ్యవలెనని 2022 ఏప్రిలు 1నుండి అమలైన పథకము చెప్పుచున్నది. పూర్వము అవి ఇరువదియైదు వేలును, పండ్రెండు వేల ఐదు వందలును. దరఖాస్తు ఆ ప్రాంతపు రెవెన్యూ అధికారియొద్ద పెట్టవలెను. మంజూరు చేయువారు జిల్లా కలెక్టరు. అయితే 2022-23లో దేశమంతటిలో వచ్చిన దరఖాస్తులు 205 మాత్రమే! ముప్పది వేల చావులకు రెండు వందల దరఖాస్తులు. ఇది చూచి సుప్రీంకోర్టు 2024 జనవరి 12న, ఒక నెలలోపల బండి ఆచూకి తెలియనిచో ఈ పథకమును గూర్చి బాధితులకు పోలీసువారే వ్రాతమూలముగా తెలుపవలెనని ఆజ్ఞాపించినది.

కాబట్టి మీ సంఘములో అట్టి యిల్లు ఉన్నయెడల, ఆదరణ ప్రార్థన ముగిసిన మరుదినమున చదువు వచ్చిన ఒకరు ఆ యింటివారితో కూడ వనపర్తికి పోవుదురు గాక. ఎఫ్.ఐ.ఆర్. నకలు, పోస్టుమార్టము కాగితము, మరణధృవీకరణ పత్రము, బ్యాంకు పుస్తకము వెంట తీసికొనిపోవలెను. దరఖాస్తు ఇచ్చినట్లు రసీదు అడిగి తీసికొనవలెను.